మండని బొటనవేలు

రండి, ఇలా దగ్గరికి జరగండి. చేతిలో పనుంటే మానకండి. కూరలు తరుక్కుంటూ వినొచ్చు, ఊడిన గుండీ కుట్టుకుంటూ వినొచ్చు. చెవి ఒక్కటి ఇటు పారేయండి చాలు. పోయినవారం చదవని వాళ్ళూ, చదివి మరిచిపోయిన వాళ్ళూ ముందు ఈ నాలుగు ముక్కలు వినాలి.

అచ్చుల మేస్త్రి కుటుంబం గురించి కదా చెప్పుకుంటున్నాం. ఇళ్ళ ముందూ షాపుల ముందూ కాంక్రీటు పోస్తారు. అది మెత్తగా ఉండగానే రంగు పొడి చల్లుతారు. పైన రబ్బరు అచ్చులు పరిచి దిమ్మిసతో కొడతారు. నాలుగు రోజులు పోయాక చూస్తే అవి రాతి పలకలో, పేర్చిన ఇటుకలో తెలియక జనం వంగి చేత్తో తడిమి చూస్తారు. అంత పనితనం. ఆ పనితనమంతా ఒక్క మాటలో ఉంటుంది. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని కాంక్రీటులో బొటనవేలు నొక్కి "పడనీ!" అనాలి. ఆ మాట వచ్చేదాకా ఒక్క అచ్చు కూడా నేల తాకకూడదు. ముందు వేస్తే అచ్చు కూరుకుపోతుంది, ఆలస్యమైతే అసలు దిగదు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట అన్నది ఆయనొక్కడే. ఎలా తెలుస్తుందో కొడుక్కి కూడా చెప్పలేదు. అడిగితే "వేలికి తెలుస్తుంది, నోటికి తెలియదు" అనేవాడు.

నలభై రోజుల కిందట బేకరీ ముందు వేసిన నేల చెడిపోయింది. గోడవైపు సగం రాతి పలకల్లా చక్కగా వచ్చింది. రోడ్డువైపు సగంలో అచ్చు దిగనే లేదు. ఉత్త సిమెంటు మీద ఎవరో గోటితో గీతలు పెట్టినట్టు మిగిలింది. మేస్త్రి బేకరీ ముందు పదిమందీ చూస్తుండగా కొడుకు మీద విరుచుకుపడ్డాడు. "నేను పడనీ అన్నాక ఫోను పట్టుకుని నిలబడ్డావు. నీ రెండు నిమిషాల కబుర్లకి నా ముప్పై ఏళ్ళ పేరు పోయింది. ఇంక నా పనిలోకి రాకు" అన్నాడు. కొడుకు ఫోను మాట్లాడిన మాట నిజమే. అందుకే ఎదురు చెప్పలేక, తన తప్పే కాబోలనుకుని బట్టల సంచీ భుజాన వేసుకుని స్నేహితుడి గదికి పోయాడు. పెళ్ళాన్ని ఇక్కడే ఉండమన్నాడు. "నువ్వు కూడా వస్తే నాన్నకి రంగు చల్లేవాళ్ళు ఉండరు" అన్నాడు, వెర్రి మనిషి.

ఆ పెళ్ళామే, మేస్త్రి కోడలే, ఇవాళ కంటి డాక్టరమ్మ ఆస్పత్రి ముందు కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

తిరగక ఏం చేస్తుంది? డాక్టరమ్మ ఈ పని ఇచ్చేముందు బేకరీ నేల చూసి వచ్చింది. "అదేమిటి మేస్త్రిగారూ, అలా ఉంది?" అని అడిగితే మేస్త్రి తడుముకోకుండా, "అది మావాడి నిర్వాకం అమ్మా. వాణ్ణి పనిలోంచి తీసేశాను" అన్నాడు. కోడలు పక్కనే నిలబడి ఆ మాట విన్నది. మొగుడు ఏం చేశాడో ఏం చెయ్యలేదో ఆమెకు తెలుసు. ఫోను రెండు నిమిషాలే. రెండు నిమిషాల్లో సగం నేల రాయిలా బిగుసుకుపోదు. మరి తప్పెవరిది? అది తేలేదాకా ఆయన ఇంటికి రాడు. తేల్చేదాకా ఈమెకు తిండి సహించదు.

ఉదయం ఏడింటికి రావలసిన కాంక్రీటు లారీ ఎనిమిది కావస్తుండగా వచ్చింది. డ్రైవరు దిగుతూనే, "దారిలో చెట్టు విరిగి పడిందండీ. యాభై నిమిషాలు నిలబడిపోయాం" అన్నాడు. మేస్త్రి తలూపి పొయ్యమన్నాడు. ఆస్పత్రి గోడ దగ్గర మొదలుపెట్టి గేటు దాకా పోశారు, చదునుగా బద్ద లాగారు, తాపీతో నున్నగా చేశారు. కోడలు నడుము వంచి గుప్పిళ్ళతో ఇటుకరంగు పొడి రెండుసార్లు చల్లింది. తొమ్మిదేళ్ళుగా అదే ఆమె పని. చేయి నేలకు జానెడు ఎత్తులో ఊగుతూ పోవాలి, పొడి ఎక్కడా కుప్ప పడకూడదు. మొదటి చల్లుకీ రెండో చల్లుకీ మధ్య ఎంత తడి పైకి వచ్చిందో, ఎంత ఆగిందో ఆమె అరచేతికి సెగలా తెలుస్తుంది.

డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మా దగ్గరికొచ్చే వాళ్ళు ఒక కంటికి కట్టుతో నడుస్తారు. జారకూడదు, కాలికి తట్టుకోకూడదు, గుర్తుంది కదా?"

"ఒంటికన్నుతో చూసినా అదిరిపోయేలా ఉంటుందండీ!" అన్నాడు ఉరుము.

ఉరుమంటే దిమ్మిస కొట్టే మనిషి. మెల్లగా మాట్లాడటం రాదు గనక ఆ పేరు. రహస్యం చెప్పినా పక్కవీధికి వినపడుతుంది. కొడుకు ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ చెరొక దిమ్మిసా పట్టేవాళ్ళు. ఇప్పుడు రెండోదానికి మనిషి లేడు, గోడకు ఆనించి పెట్టారు.

తొమ్మిది దాటాక గాలి లేచింది. మామూలు గాలి కాదు, ఎండనీ దుమ్మునీ మోసుకొచ్చే పొడిగాలి. గేటు రేకు దబదబా కొట్టుకుంటోంది. కోడలు నేల వంక చూసింది. రంగు వేసినప్పుడు తడి అద్దంలా మెరిసిన నేల ఇప్పుడు గోడ దగ్గర మెరుపు పోయి మసకేసింది. ఆ మసక గేటువైపు పాకుతోంది. ఇంకేముంది, మామగారు లేస్తారు, వేలు పెడతారు అనుకుంది.

మేస్త్రి లేచాడు. గోడ వార మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొటనవేలు నొక్కాడు. ఆ తరువాత ఎడమ చేయి కాస్త తిప్పి గడియారం చూసుకున్నాడు.

"ఇంకా ఉంది" అన్నాడు.

కోడలు ఆ మణికట్టు వంకే చూసింది. ఈ మనిషేనా గడియారం చూసేది? "గడియారం రైలుకి కావాలి, కాంక్రీటుకి ఎందుకు?" అని ఊరంతా నవ్వించిన మనిషి! ఎప్పటినుంచి కట్టుకుంటున్నాడు అది? ఆమె వెనక్కి లెక్క పెట్టుకుంది. బేకరీ నేల నాటికే చేతికి ఉంది. అంతకుముందు పూలకుండీల దుకాణం ముందు వేసినప్పుడు కూడా ఉంది. ఆ రోజు మబ్బు పట్టి చల్లగా ఉంది, నేల బాగానే వచ్చింది. బేకరీ రోజున ఇలాగే గాలి. ఆ రోజున కూడా లారీ ఆలస్యం, టైరు పంచరైందని చెప్పాడు డ్రైవరు.

ఆమె ఎవరూ చూడకుండా గోడ మూలకు వెళ్ళి, అచ్చు కింద కనపడని చోట తన బొటనవేలు నొక్కింది. గోరు సగం దిగి ఆగింది. వేలు తీస్తే పిసరంత కూడా అంటుకోలేదు. ఇది "ఇంకా ఉంది" కాదు. ఇది "ఇప్పుడే, ఈ క్షణమే."

పరుగులాంటి నడకతో అత్తగారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ గేటు పక్కన నీడలో కూర్చుని, అచ్చులు నేలకు అంటకుండా చల్లే నల్లపొడి జల్లెడ పడుతోంది.

"అత్తయ్యా, మామయ్య గడియారం ఎందుకు చూస్తున్నారు?"

"గడియారం చూస్తే తప్పేమిటే? టైము తెలుస్తుంది."

"ఈయనకి టైము ఎందుకు తెలియాలి? వేలికి తెలియట్లేదా?"

అత్తగారి చేతిలో జల్లెడ ఆగిపోయింది.

"అత్తయ్యా, నేల బిగుసుకుపోతోంది. మీరు చెప్పకపోతే పోయి ఆయన్నే అడుగుతాను, పదిమందిలో."

"అడక్కే తల్లీ, నీకు దణ్ణం పెడతాను." ఆవిడ కోడలి మణికట్టు పట్టుకుంది. "నాలుగు నెలలైంది. వేళ్ళకి స్పర్శ లేదు. మొదట తిమ్మిరి అన్నాడు, తరవాత అది కూడా అనడం మానేశాడు. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. మొన్న స్టవ్వు మీంచి గిన్నె ఒట్టిచేత్తో దించాడు. చర్మం కాలిన వాసన నాకొచ్చింది గానీ నొప్పి ఆయనకి రాలేదు. డాక్టరుకి చూపిద్దామంటే ఇల్లు పీకి పందిరేశాడు. ఎవరికైనా చెప్తే నా శవాన్ని చూస్తావని ఒట్టు పెట్టించుకున్నాడు."

"మరి పడనీ అని ఎలా చెప్తున్నారు?"

"పోసిన దగ్గర్నుంచి రెండు గంటలు లెక్కేసుకుంటాడు. వేలు ఊరికే పెడతాడు, మీరు చూడాలని."

కోడలు వేళ్ళు మడిచి లెక్క వేసింది. పోసిన దగ్గర్నుంచి! లారీలో తిరుగుతూ గడిచిన యాభై నిమిషాలు ఆ లెక్కలో లేవు. గాలీ లేదు, ఎండా లేదు.

"మీకు తెలిసే ఆయన్ని పంపించేశారా అత్తయ్యా? మీ కొడుకుని?"

ఆవిడ కక్కలేక మింగలేక చూసింది. "కన్నకొడుకు ఒక పక్క, కట్టుకున్నవాడు ఒక పక్క. వాడు కుర్రాడు, రేపు నిలదొక్కుకుంటాడనుకున్నాను. ఈయన పేరు పోతే ఈయనే పోతాడనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నదే."

ఓదార్చడానికి టైము లేదు, పోట్లాడటానికీ లేదు. కోడలు వెనక్కి తిరిగింది.

మేస్త్రి మళ్ళీ మోకాళ్ళ మీద ఉన్నాడు, ఈసారి గేటువైపు. ఉరుమూ ఇద్దరు కూలీలూ తలొక అచ్చూ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. "ఏంటి బాబాయ్, నేల గట్టిపడ్డట్టుంది!" అని ఉరుము అరిస్తే, "నీ వేలా, నా వేలా?" అన్నాడు మేస్త్రి. ఉరుము నోరు మూసుకున్నాడు. ఉరుము నోరు మూయించగల మాట అదొక్కటే.

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. నేల చూస్తున్నట్టు తల వంచింది. అప్పుడు ఆయన బొటనవేలు దగ్గరగా చూసింది.

వేలి పక్కన చర్మం నిలువునా పగిలి ఉంది. కాలిన మచ్చ చిట్లి, అందులోంచి ఎర్రటి కండ కనపడుతోంది. ఆ పగుల్లోకి తడి సిమెంటు కూరుకుపోయి ఉంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు, గోటి పక్కన చిన్న గీరుడుంటే దానికి సిమెంటు తగిలితే ప్రాణం విలవిల్లాడుతుంది. ఎంతటి మొనగాడైనా ఎగిరి నీళ్ళకోసం పరిగెత్తాలి. ఈయన ఆ వేలిని ఇంకాస్త లోపలికి నొక్కుతూ ప్రశాంతంగా ఉన్నాడు.

"మామయ్యా" అంది, పెదవులు కదిలీ కదలకుండా. "మండడం లేదా?"

ఆయన వేలు వంక చూసుకున్నాడు. ఎవరి వేలో తెచ్చి తన చేతికి అతికించినట్టు చూశాడు. మెల్లగా బయటికి తీశాడు.

"ఎవరు చెప్పారు? మీ అత్తా?"

"మీ వేలే చెప్పింది."

"లేచి పో ఇక్కణ్ణుంచి."

"పోతాను. పోయేముందు పడనీ అనండి."

"ఇంకా పాతిక నిమిషాలుంది!"

"గడియారంలో ఉంది. నేలలో లేదు. లారీవాడు యాభై నిమిషాలు దారిలో నిలబడ్డాడు మామయ్యా, అది మీ లెక్కలో వేసుకున్నారా? బేకరీ రోజు టైరు పంచరై నిలబడ్డది వేసుకున్నారా?"

మేస్త్రి గొంతు తగ్గించే కోప్పడ్డాడు, గొంతు పెంచే ధైర్యం లేదు. "పదిమందిలో నా పరువు తీస్తావా?"

"తియ్యాలనుకుంటే ఇలా పక్కన కూర్చుని గుసగుసలాడతానా? గుమ్మంలో నిలబడి కేకేసేదాన్ని. మీ అబ్బాయి పరువు తీసినప్పుడు మీరు గుసగుసలాడలేదు కదా!"

ఆ మాట ఆయనకు తగిలింది. వేళ్ళు మొద్దుబారినా మనసు మొద్దుబారలేదు మరి. తల వాల్చేశాడు. గాలికి గేటు రేకు దబాలున కొట్టుకుంది. డాక్టరమ్మ గుమ్మంలోంచి, "ఏమైనా ఇబ్బందా?" అంది.

"నీ వేలు పెట్టు" అన్నాడు మేస్త్రి, నేలనే చూస్తూ.

"ఆఁ?"

"పెట్టమంటే పెట్టు. నా పక్కనే, నా చేయి అడ్డంగా. ఎంత దిగింది?"

కోడలు నొక్కింది. "గోరు సగం."

"తీస్తే అంటుతోందా?"

"లేదు."

"గుంట అంచు కూలుతోందా, నిలబడిందా?"

"నిలబడింది. పదునుగా ఉంది."

"అడుగున మెత్తగా ఉందా, ఇసుక తగులుతోందా?"

ఆమె కళ్ళు మూసుకుంది. "అడుగున మెత్తగానే ఉంది మామయ్యా. కలిపి మూతపెట్టిన పిండిలా. కానీ పైన పొర కడుతోంది. గోడ దగ్గర ఇసుక తగులుతోంది."

మేస్త్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని విద్య నాలుగు ప్రశ్నల్లో బయటికి వచ్చేసింది, ఆ సంగతి ఆయనకు కూడా తెలియలేదు. లేచి నిలబడ్డాడు.

"పడనీ!"

ఇక చూడండి ఆ హడావిడి! కోడలు నల్లపొడి చల్లుతూ వెనక్కి నడుస్తోంది, కూలీలు అచ్చులు అంచుకు అంచు కలిపి వేస్తున్నారు, ఉరుము దిమ్మిస పడుతోంది. దబ్, దబ్, దబ్. ముందు అచ్చు ఎత్తి వెనక వెయ్యి, వెనకది ఎత్తి ముందు వెయ్యి. మొత్తం ఎనిమిది అచ్చులు. గోడ దగ్గర రెండు బారల మేర నేల అప్పటికే బిగిసింది. ఉరుము ఒళ్ళంతా చెమటతో కొడుతున్నా అచ్చు గీత పైపైనే పడుతోంది.

"దిగట్లేదు వదినా! నీళ్ళు చల్లితే మెత్తబడుతుంది!" అని బకెట్టు అందుకున్నాడు.

"నీళ్ళు చల్లావంటే చెయ్యి విరుస్తాను!" మేస్త్రి ఒక్క అంగలో వచ్చి బకెట్టు తన్నేశాడు. "ఇవాళ మెత్తబడుతుంది, ఆరు నెలల్లో పొట్టు పొట్టుగా లేచిపోతుంది. కళ్ళు కనపడని వాళ్ళు నడిచే నేలరా ఇది!"

అంటూనే గోడకు ఆనించి ఉన్న రెండో దిమ్మిస ఎత్తాడు. కొడుకు దిమ్మిస. నలభై రోజులుగా ఎవరూ ముట్టనిది. వేళ్ళకు స్పర్శ లేకపోతేనేం, భుజాలకు బలం ఉంది. పట్టు జారుతుందేమోనని పిడికిలి వంక చూసుకుంటూ కొట్టాడు. ఒకసారి నిజంగానే జారింది. కోడలు ఏమీ అనకుండా తలకు కట్టుకున్న గుడ్డ విప్పి ఆయన చేతిని కర్రకు చుట్టి ముడివేసింది. ఉరుము అది చూశాడు. మామూలుగా అయితే వీధంతా వినపడేలా అడిగేవాడే, ఈసారి మాత్రం అడగలేదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి గోడవార పట్టీ మొత్తం కొట్టారు. గీత దిగింది. అన్నిచోట్లా ఒక్కలా దిగిందని చెబితే అబద్ధం అవుతుంది. మూల దగ్గర నాలుగు పలకలు కాస్త పలచగానే వచ్చాయి, వాటిని కోడలు ఉలితో గీసి లోతు చేసింది.

గేటు దాకా అయ్యేసరికి పదకొండు దాటింది. డాక్టరమ్మ కిందికి దిగి వచ్చి, వంగి, ఒక కన్ను చేత్తో మూసుకుని చూసింది. "నిజం రాళ్ళలాగే ఉన్నాయే!" అంది. ఉరుము తన గొప్పే అన్నట్టు మీసం దువ్వుకున్నాడు, మీసమంతా నల్లపొడి.

ఇంకా ఒక్కటే మిగిలింది. రోగుల చక్రాల కుర్చీ ఎక్కడానికి గుమ్మం పక్కన వాలుదారి. అది రెండో లారీలో వచ్చిన కాంక్రీటు, గంట కిందటే పోసి రంగు చల్లారు. ఇంకా తడిగా మెరుస్తోంది. దానికి వేలు పెట్టాల్సిన టైము దగ్గర్లోనే ఉంది, కాబట్టి కోడలు అక్కణ్ణుంచి కదలడానికి లేదు.

అప్పుడు మోగింది ఆమె ఫోను.

చేతుల నిండా పొడి. అత్తగారు ఫోను తీసి చూసి, "వాడే!" అని, ఏ మీట నొక్కిందో ఏమో, కొడుకు గొంతు వాకిలంతా వినపడింది.

"ఏమే, ఎక్కడున్నావ్? నాకు చెమటలు పడుతున్నాయి. నేను బేకరీ దగ్గరున్నాను."

"బేకరీ దగ్గరా? అక్కడేం పని?" అంది కోడలు.

"వారం రోజులుగా ఆ చెడిపోయిన సగం పగలగొడుతున్నాను. నా వల్ల పాడైంది, నేనే మళ్ళీ వేసిస్తానని బేకరీ ఆయనకి మాటిచ్చాను. అచ్చులు అద్దెకి తెచ్చాను, ఇద్దరు మనుషుల్ని తెచ్చాను. పడనీ చెప్పడానికి ఒక పెద్దాయన్ని మాట్లాడుకున్నాను, ఆయన రాలేదు. లారీవాడు ఆగనన్నాడు, పోసేశాను. రంగు కూడా చల్లేశాను. గాలి చంపేస్తోందే. వేలు పెడుతున్నాను, ఏం తెలిసి చస్తుంది నాకు? నాన్న ఎప్పుడైనా చెప్పాడా? నీకు చెయ్యి పెడితే తెలుస్తుంది కదా, ఆటో ఎక్కి వచ్చెయ్!"

బేకరీ అక్కణ్ణుంచి అరగంట దూరం. పక్కన వాలుదారి మీద మెరుపు అప్పుడే అంచుల్లో మసకేస్తోంది. రెండు నేలలు, తెలిసిన వేలు ఒక్కటి. కోడలు వాలుదారి వంక చూసింది, గేటు వంక చూసింది.

"వింటున్నావా?" అన్నాడు మొగుడు.

మేస్త్రి చేతికి కట్టిన గుడ్డ పళ్ళతో విప్పుకున్నాడు. వచ్చి పెళ్ళాం ముందు నిలబడ్డాడు. "ఆ ఫోను నా నోటి దగ్గర పెట్టు" అన్నాడు.

ఆవిడ పెట్టింది.

"ఒరేయ్" అన్నాడు మేస్త్రి. నలభై రోజుల తరవాత తొలిమాట. "మీ ఆవిడ రావడానికి వీల్లేదు, ఇక్కడ పనుంది. నువ్వే బొటనవేలు పెట్టు. నేను అడిగినదానికల్లా ఏమనిపిస్తే అది చెప్పు. ఎప్పుడు పడాలో నేను చెబుతాను."

అవతల ఏదో బండి హారను, గాలి హోరు.

"పెట్టరా! నేల ఆగదు!"

"పెడతాను నాన్నా" అన్నాడు కొడుకు. గొంతులో కోపం లేదు, అదే భయం వేసింది అందరికీ. "పెట్టేముందు నాకొక్కటి చెప్పు. ఈ వారం రోజులూ ఈ కాంక్రీటు పగలగొడుతూ చూశాను. ఆ సగమంతా ఒక్కచోట కూడా అచ్చు గోరంతైనా దిగలేదు. రెండు నిమిషాల్లో అలా బిగుసుకోదు. ఆ రోజు ఆలస్యం చేసింది నేనా, నువ్వా?"

ఉరుము దిమ్మిస కింద పెట్టాడు. డాక్టరమ్మ అటు తిరిగింది. కూలీలు, గేటు దగ్గర చీటీ పట్టుకుని నిలబడ్డ ఇద్దరు రోగులు, అందరూ మేస్త్రి వంకే. ఫోను మూసేసి ఇంకేదో మాట్లాడొచ్చు. "తరవాత చెబుతాను, ముందు నేల సంగతి చూడు" అనొచ్చు. పెద్దవాళ్ళకి అలాంటి మాటలు సవాలక్ష ఉంటాయి.

మేస్త్రి కోడలి మొహం చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"నేనేరా" అన్నాడు. పక్కవీధికి వినపడేలా కాదు గానీ వాకిలి మొత్తం వినపడేలా. "నా వేళ్ళు చచ్చిపోయి నాలుగు నెలలైంది. నాకేమీ తెలియడం లేదు. గడియారం చూసి పడనీ అన్నాను. ఆలస్యం నాది. పదిమందిలో తప్పు నీ మీద పెట్టాను, పదిమందిలోనే చెబుతున్నాను. నువ్వు పాడు చెయ్యలేదు."

అత్తగారు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ నాలుగు అడుగులు వేసి వచ్చి, అడగకుండానే మేస్త్రి చేయి అందుకుని ఆ పగిలిన వేలు తిప్పి చూసింది. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. ఆయనకు మాత్రం ఆ పట్టు తెలియలేదు, ఆయన ప్రాణమంతా ఫోనులో ఉంది.

"విన్నావుగా! ఇప్పుడు పెట్టు వేలు. ఎంత దిగింది?"

అవతలి నుంచి మాట లేదు.

"ఒరేయ్, ఎంత దిగింది?"

గాలి హోరు, అంతే. తరువాత ఎక్కడో దూరంగా బేకరీ యజమాని కేక: "అబ్బాయ్, ఎటు పోతున్నావ్? నేల సంగతేంటి!"

ఇక్కడ కోడలు వంగి వాలుదారిలో వేలు నొక్కింది. గోరు సగం దిగి ఆగింది. పడనీ అనాల్సిన క్షణం వచ్చేసింది, అక్కడ బేకరీ నేల ఏ స్థితిలో ఉందో ఎవరికీ తెలియదు, ఫోనులో మనిషి లేడు. మేస్త్రి ఆమె వంక చూసి, "చెప్పు, నువ్వే చెప్పు ఇంక" అన్నాడు.

కోడలు గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

ఆమె నోరు తెరిచిన చోటే మనం ఈ వారానికి ఆగుదాం. మీరు మాత్రం ఇక్కడిదాకా మరిచిపోకండి. పోయినవారం బేకరీ నేల కథ విని, ఆ కుర్రాడు పనికిమాలినవాడని మీలో ఎంతమంది అనుకున్నారో, ఎవరెవరితో అన్నారో! వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి ఇది కూడా చెప్పండి. తప్పు వాడిది కాదట, తండ్రే ఒప్పుకున్నాడట అని చెప్పండి. ఒక్క ముక్క కూడా వదలకుండా, నలుగురూ వినేలా చెప్పండి.